సాక్ష్యంలో కనపడని రోడ్డు

తెలుగు క్రైస్తవులకి తమదంటూ ఒక కథన రూపం ఉంది. దాని పేరు సాక్ష్యం. ఆదివారం ఆరాధనలోనో, ఎవరింట్లోనో జరిగే కూటంలోనో ఒకరు లేచి నిలబడి, అందరికీ వందనాలు చెప్పి, తన జీవితంలో జరిగిన ఒక సంగతి చెప్పి, దేవుడికి స్తోత్రం చెప్పి కూర్చుంటారు. ఐదు నిమిషాలు, మహా అయితే పది. హరికథ గురించి, బుర్రకథ గురించి, ఒగ్గుకథ గురించి మనవాళ్ళు రాసిన దాంట్లో పదో వంతైనా దీని గురించి రాసినట్టు నాకు కనపడలేదు. ప్రతి వారం ఎన్నో ఊళ్ళలో, ఎంతోమంది నోట తెలుగులో నడిచే కథ ఇది. దీన్ని కథగా చూడకపోవడం చిత్రమే.

నేను చూస్తున్నది మాత్రం ఒక ఇరుకైన మూల నుంచి. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో పనిచేసే తొమ్మిది పదిమందిమి రెండేళ్ళుగా బైకుల మీద కలిసి దూరాలు వెళ్తుంటాం. అందరం ఏదో ఒక చర్చికి వెళ్ళేవాళ్ళమే, కానీ ఒకే చర్చి కాదు. సీఎస్ఐ వాళ్ళున్నారు, బాప్టిస్టులున్నారు, పెంతెకొస్తు వాళ్ళున్నారు, ఒక కేథలిక్ కూడా ఉన్నాడు. బృందానికి పేరంటూ లేదు, వాట్సాప్ గ్రూపుకి తప్ప. చేరాల్సిన చోటు చేరాక ఏ చెట్టు కిందో కూర్చుని ఒక పాట పాడుకుంటాం, ప్రార్థన చేసుకుంటాం, ఎవరికైనా చెప్పాలనిపిస్తే సాక్ష్యం చెప్తారు. వచ్చినవాళ్ళంతా బండి మీద వచ్చినవాళ్ళే కాబట్టి వాటిలో సగం రోడ్డు సాక్ష్యాలు. అవి వినీ వినీ నాకొక సందేహం పట్టుకుంది. వీటిలో రోడ్డు ఏది?

ఒక నమూనా చెప్తాను. మా వాడొకడు విజయవాడ హైవే మీద ఒక్కడే వెళ్తున్నాడు. సూర్యాపేట దాటాక ముందు వెళ్తున్న లారీ సడన్ బ్రేక్ వేసింది. ఇతను ఎడమకి తిప్పాడు, మట్టిలో జారాడు, బండి అటు, మనిషి ఇటు. లేచి చూసుకుంటే మోకాలు దగ్గర గీరుకుపోయింది, అంతే. ఆ ఉదయం వాళ్ళమ్మ ఫోన్లో ప్రార్థన చేసి పంపింది. స్తోత్రం. నేను ఈ కథని వెక్కిరించడం లేదు. ఆ రాత్రి అతని చెయ్యి వణుకుతుండగా నేనే టీ గ్లాసు పట్టుకున్నాను. కానీ కథగా చూస్తే సూర్యాపేట బదులు కోదాడ అన్నా, నకిరేకల్ అన్నా ఏమీ మారదు. లారీ తప్ప ఆ రోడ్డు మీద మనుషుల్లేరు. ఎండ లేదు, వాసన లేదు, దారిలో మాట్లాడినవాడు లేడు. ప్రమాదం దగ్గర మొదలై రక్షణ దగ్గర అయిపోతుంది. ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోయినప్పుడు మేం రాసే రిపోర్టు అచ్చం ఇలాగే ఉంటుంది: ఎప్పుడు పడింది, ఎందుకు పడింది, ఎవరు లేపారు. సర్వర్ బాగా నడిచిన మూడు వందల రోజుల గురించి ఎవరూ ఒక్క వాక్యం రాయరు.

రోడ్డు లేకపోవడం వల్ల ఏం పోతుందో మెదక్ వెళ్ళిన రోజు నాకు బాగా తెలిసింది. మా అందరికీ ఇష్టమైన దారి అది. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి మియాపూర్, బాచుపల్లి, గండిమైసమ్మ మీదుగా నర్సాపూర్ పట్టుకుంటాం. నర్సాపూర్ అడవి దగ్గర గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది, హెల్మెట్ అద్దం ఎత్తకుండా ఎవరూ ఉండలేరు. తర్వాత కౌడిపల్లి, కొల్చారం, ఏడుపాయలకి తిరిగే మలుపు, మెదక్. హైటెక్ సిటీ నుంచి వంద కిలోమీటర్లు ఉంటుందేమో. పొలాల మీద నుంచి చర్చి గోపురం చాలా దూరానికే కనపడుతుంది. దాని ఎత్తు 175 అడుగులు. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించారు. లోపలి రంగు అద్దాల కిటికీలు చూడాలంటే పగలే వెళ్ళాలి, బయట ఎండ ఉంటేనే బొమ్మలు వెలుగుతాయి. కరువు కాలంలో చుట్టుపక్కల పేదలకి పని, తిండి దొరకాలని ఆ కట్టడం పెట్టుకున్నారనేది అందరూ చెప్పే చరిత్రే.

ఆ రోజు కౌడిపల్లిలో టీ తాగుతుంటే కొట్టు నడిపే పెద్దావిడ, "ఏడికి పోతున్రు బిడ్డా, గిన్ని బండ్లేసుకొని?" అంది. మెదక్ చర్చికి అన్నాం. "చర్చోల్లా?" అని ఒకసారి అందర్నీ పరికించి చూసి, "మా ముత్తవ్వ గా చర్చికి రాళ్ళు మోసిందంట. కరువుల. గంజి పోస్తుండ్రి గదా" అంది. మీరూ చర్చికి వెళ్తారా అని మా కేథలిక్ మిత్రుడు అడిగితే, "మేం ఎల్లమ్మకు మొక్కుతం" అని నవ్వి, ఇంకో రౌండు టీ పోసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

మెదక్ చేరాక ప్రాంగణంలో కూర్చున్నాం. సాక్ష్యం చెప్పింది ఎవరంటే, నర్సాపూర్ అడవిలో చైన్ తెగిపోయి అరగంట ఆగిపోయిన మిత్రుడు. వెనకాల వచ్చిన ఒక మెకానిక్ దగ్గర సరిగ్గా ఆ చైన్ లింకు ఉండటం గురించి చెప్పాడు. మంచి కథే. అందరం ఆమెన్ అన్నాం. టీ కొట్టు ఆవిడ మాట ఎవరూ ఎత్తలేదు. కొన్ని నెలల తర్వాత మాలో ఒకడు అదే సంగతి వాళ్ళ చర్చి కూటంలో చెప్పాడట. పెద్దాయన ఒకరు ఓపిగ్గా విని, "బాగుంది బ్రదర్, ఇందులో సాక్ష్యం ఏది?" అన్నారట. ఆయన అడిగింది సాహిత్య విమర్శ ప్రశ్నే అంటాను నేను. ఆ రూపంలో ఆవిడకి చోటు లేదు, ఎందుకంటే ఆవిడ ఎవర్నీ కాపాడలేదు, ఎవరూ ఆవిడ వల్ల మారలేదు.

సాక్ష్యం మొదటినుంచీ ఇలాగే ఉండేదా? ఉండాల్సిన అవసరమైతే లేదు. సువార్తల్లోనే ఎమ్మాయు దారి కథ ఉంది. ఇద్దరు శిష్యులు నడుస్తూ మాట్లాడుకుంటూ ఉంటారు, మూడో మనిషి కలుస్తాడు, ఆయన ఎవరో దారంతా పోల్చుకోలేరు, సాయంత్రం రొట్టె విరిచినప్పుడు తెలుస్తుంది. రోడ్డు తీసేస్తే ఆ కథ మిగలదు. తెలుగు క్రైస్తవం కూడా రోడ్డు మీద పుట్టిందే. కనిగిరి వైపు తాళ్ళకొండపాడుకి చెందిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. అలా తిరుగుతూనే ఏలూరు వైపు ఒక మిషనరీ మాట విన్నాడు. తర్వాత తన వ్యాపారం దారుల వెంటే, తన చుట్టాల ఊళ్ళ వెంటే ఈ మాట మోసుకెళ్ళాడు. ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ దగ్గర 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషన్ చరిత్రలన్నీ చెప్తాయి. ఆ సంఖ్య వెనకాల పేరయ్య లాంటివాళ్ళ కాళ్ళున్నాయి.

(క్లఫ్ అమెరికాలో సర్వేయర్‌గా పనిచేసినవాడు. కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ళ పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఇంజినీర్లకి నచ్చే మనిషి.)

పేరయ్య నడక గురించి మనకి ఎలా తెలుసు? క్లఫ్ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో ఇంగ్లీషులో అచ్చువేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' వల్ల, క్లఫ్ చెప్పగా ఆమే రాసి 1914లో వెలువరించిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్' వల్ల. మొదటిది ఇప్పటికీ చదివించే పుస్తకం. చెప్పులు కుట్టుకుంటూ మనుషులు చెప్పుకున్న మాటలు, పేరయ్య తిరిగిన యోగ మార్గం, అతని గురువుగా ఉన్న వీరమ్మ, అన్నీ ఉన్నాయి. ఆమె వినడం తెలిసిన మనిషి. కానీ నడిచినవాడు ఒకడు, రాసినవాళ్ళు వేరొకరు. అతని తెలుగు మాటలు ఇంగ్లీషులోకి వెళ్ళిపోయాయి. దారి గురించి అతను స్వయంగా ఏం చెప్పేవాడో, ఏ ఊళ్ళో నీళ్ళు పైనుంచి పోశారో, ఏ ఊళ్ళో అరుగు మీద కూర్చోనిచ్చారో, మనకి చేరింది ఆమె వడపోసి ఇచ్చినంతే.

అటు యాత్రా సాహిత్యం వైపు చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి బయల్దేరి మరుసటి ఏడు సెప్టెంబర్‌లో తిరిగొచ్చాడు. ఆయన 'కాశీయాత్రా చరిత్ర' 1838లో అచ్చయింది. దారిలో ఏ మజిలీలో ఏం దొరుకుతుంది, నీళ్ళెలా ఉంటాయి, బస ఎక్కడ, ఇవన్నీ ఆయన పట్టి పట్టి రాస్తాడు. రోడ్డు అంటే ఏమిటో తెలిసిన పుస్తకం. కానీ ఆయన వెంట దాదాపు వంద మంది నడిచారు, ఆయన పల్లకీ మోశారు. ఆ బోయీల్లో ఒకడు ఈ యాత్ర గురించి చెప్తే ఎలా ఉండేదో ఆలోచించండి. ఈ కాలానికి వస్తే పరవస్తు లోకేశ్వర్ ఛత్తీస్‌గఢ్‌కి స్కూటర్ మీద వెళ్ళి పుస్తకం రాశారు, దాసరి అమరేంద్ర స్కూటర్ల మీద రోహ్‌తాంగ్ దాకా వెళ్ళి రాశారు. రెండు చక్రాల మీద తెలుగు వచనం అసలు లేకపోలేదు. అది ఊళ్ళని చూస్తుంది, చరిత్ర చెప్తుంది. కానీ మన యాత్రా రచనలో ఎక్కువ భాగం 'నేను చూశాను' అనే వాక్యం మీద నిలబడింది. పక్కన బండి నడిపేవాడికి ఏమైందో అందులో తక్కువ తెలుస్తుంది. సాక్ష్యంలో మనుషుల ముందు నిలబడి చెప్పడం ఉంది, వాళ్ళు ఆమెన్ అనడం ఉంది, ఊరు లేదు. యాత్రాకథనంలో ఊరుంది, వినేవాడు పుస్తకం అవతల ఎక్కడో ఉన్నాడు.

ఈ రెంటికీ బయట ఒక పుస్తకం ఉంది, జాషువా 'గబ్బిలం' (1941). అందులో దారి ఉంది, ఊళ్ళున్నాయి, నదులున్నాయి, వెళ్ళవలసిన గుడి ఉంది. మనిషి మాత్రం కదలడు. తంజావూరులో ఉన్నవాడు తన మాటని గబ్బిలంతో పంపుతాడు, గుడిలోకి దానికి ప్రవేశం ఉంది, తనకి లేదు కాబట్టి. క్రైస్తవుడైన కవి ఆ మాటని ఈశ్వరుడికి పంపించడం మీద చాలామంది రాశారు. నాకు ఇప్పుడు కావలసింది ఆ కదలకపోవడం. చెప్పులు చేత్తో పట్టుకుని వీధి దాటాల్సి వచ్చిన, సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్ళాల్సి వచ్చిన తాతల మనవలు ఇవాళ 350 సీసీ బండి మీద, హెల్మెట్ పెట్టుకుని, అదే వీధిలోంచి వెళ్తున్నారు. హెల్మెట్‌లో ఎవరెవరో తెలియదు. మా వాళ్ళలో ఒకడు సొంతూరికి బండి మీద వెళ్ళిన ప్రతిసారీ ఊరి మొదట్లో హెల్మెట్ తీసేస్తాడు, ఎవరో తెలియాలని. ఇంకొకడు ఇల్లు చేరేదాకా తియ్యడు. ఈ రెండు వాక్యాల్లో ఒక నవల ఉంది, కానీ ఇవి రెండూ సాక్ష్యంలోకి రావు.

బయటి ప్రపంచంలో ఇదే విషయం ఎలా నడిచిందో కొంచెం చూడొచ్చు. లండన్‌లో చర్చి యువజన క్లబ్బుగా 1959లో మొదలైన ఫిఫ్టీనైన్ క్లబ్, 1962 నుంచి బిల్ షెర్గోల్డ్ అనే ఫాదర్ వల్ల బైకర్ల క్లబ్బయింది. తనూ బైకరే, ఏస్ కేఫ్‌కి వెళ్ళి ఆ తోలు జాకెట్ల కుర్రాళ్ళని ఆరాధనకి రమ్మని పిలిచాడు. అమెరికాలో హెర్బ్ ష్రీవ్ అనే పాస్టర్ కొడుకుతో దూరం పెరిగిపోయిందని, అతనికి దగ్గరవడానికి బైకు కొని కలిసి తిరిగాడు. ఆ తిరుగుడు 1975లో క్రిస్టియన్ మోటార్‌సైక్లిస్ట్స్ అసోసియేషన్ అయింది. సరిగ్గా దానికి ముందు ఏడాది రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' వచ్చింది. అదీ కొడుకుని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళిన తండ్రి కథే. ఒక దేశం, ఒక దశాబ్దం, ఒకే వస్తువు. ఒకటి సంస్థ అయింది, సభ్యులొచ్చారు, జాకెట్ వెనక గుర్తు వచ్చింది. రెండోది జవాబు దొరకని పుస్తకంగా మిగిలింది. ష్రీవ్ కథని ఎవరు చెప్పినా తండ్రీకొడుకులు కలిశారు అనే దగ్గర ముగుస్తుంది, అంటే అది సాక్ష్యం. పిర్సిగ్‌లో కలిసి ప్రయాణిస్తున్న ఆ కొడుకు మౌనం వందల పేజీలు మనల్ని నమిలేస్తుంది. టెక్నికల్ మాన్యువల్స్ రాసి బతికే మనిషి కథకుడు కాబట్టి మా ఆఫీసుల్లో ఆ పుస్తకానికి అభిమానులు ఎక్కువ, వాళ్ళలో చాలామంది కార్బొరేటర్ పేజీలు గుర్తుపెట్టుకుని కొడుకుని మర్చిపోతారు.

జాకెట్ వెనక గుర్తు అన్నాను. మా గ్రూపులో కూడా ఒకసారి అది చర్చకొచ్చింది. ఒకతను అందమైన డిజైన్ చేశాడు: చక్రం, దాని మధ్యలో సిలువ, చుట్టూ తెలుగు అక్షరాలు. ఎంత బాగుందో! ముగ్గురు వద్దన్నారు. కారణం చెప్పలేదు, చెప్పక్కర్లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి వర్తింపజేశారు. క్రైస్తవుడైతే ఆ గుర్తింపు ఉండదు. మన రెండు రాష్ట్రాల్లో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు బీసీ-సీ, ఒక్క శాతం. ఊళ్ళో వీధి మారదు, పలకరింపు మారదు, కాగితం మీద మాత్రం మారాలి. కాబట్టి సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటి అయిన కుటుంబాలు ఉన్నాయి, అది ఎవరికీ కొత్త సంగతి కాదు. అలాంటి ఇంటి నుంచి వచ్చినవాడు సిలువ వేసుకుని గ్రూప్ ఫొటోలో నిలబడాలంటే వెనకాల తమ్ముడి సీటు, చెల్లెలి ఉద్యోగం కనపడతాయి. అమెరికాలో ఆ గుర్తు తగిలించుకోవడమే సాక్ష్యం. గచ్చిబౌలిలో తగిలించుకోకపోవడం వెనక ఇంత పెద్ద కథ ఉంది.

అందుకే సాక్ష్యంలో రోడ్డు లేకపోవడానికి కారణం రూపం ఒక్కటే కాదనిపిస్తుంది. ఊరి పేరు చెప్తే ఏ ఊరు, ఎవరి పిల్లలు అనే ప్రశ్నలొస్తాయి. లారీ గురించి చెప్తే ఎవరూ ఏమీ అడగరు. ప్రమాదం అందరికీ ఒకటే. ఆ కథలో దాక్కోవచ్చు.

దాక్కోవడానికి వీల్లేకుండా చెప్పబడిన ఒక ప్రయాణం ఉంది, దాన్ని దాటేసి ఈ వ్యాసం రాయడం కుదరదు. 2025 మార్చి 24న పాస్టర్ ప్రవీణ్ పగడాల హైదరాబాద్ నుంచి రాజమండ్రికి బుల్లెట్ మీద బయల్దేరారు. మర్నాడు ఉదయం కొంతమూరు దగ్గర రోడ్డు పక్కన చనిపోయి కనిపించారు. హత్యేమోనని అనుమానించి క్రైస్తవులు చాలాచోట్ల రోడ్డెక్కారు. దర్యాప్తు చేసిన పోలీసులు ప్రమాదమని తేల్చారు. ఆ తీర్పులు చెప్పడం నా పని కాదు. నేను చూసింది ఆ కథ చెప్పిన పద్ధతి. ఒక తెలుగు క్రైస్తవుడు బండి మీద చేసిన ప్రయాణాన్ని రాష్ట్రమంతా గంట గంటకీ, ఊరు ఊరుకీ, మజిలీ మజిలీకీ చూసింది. చెప్పినవి సీసీ కెమెరాలు. వీరాస్వామయ్య అంత వివరంగా. ఆయన్ని ప్రేమించినవాళ్ళు, ప్రేమించనివాళ్ళు అదే ఫుటేజ్‌ని ఆపి ఆపి చదివారు, ఒకే పాఠానికి రెండు వ్యాఖ్యానాలు రాసుకున్నట్టు. దారి పొడుగునా ఆయన్ని చూసిన మనుషులున్నారు, కానీ మనకి మిగిలినవి పై నుంచి తీసిన బొమ్మలు. ఆ దారంతా ఆయన మనసులో ఏముందో ఏ కెమెరాకీ తెలియదు. ఆ వారం మా గ్రూపులో ఎవరూ బండి తియ్యలేదు. తర్వాత రైడ్‌లో అందరం లొకేషన్ షేర్ చేసుకోవడం మొదలుపెట్టాం.

మనం రాసుకోకపోతే కెమెరాలే రాస్తాయి అనేంత పెద్ద మాట నేను అనను. అయితే, దళిత క్రైస్తవ జీవితం గురించి ఇప్పుడు తెలుగులో మంచి కథలొస్తున్నాయి. వాటిలో ఇల్లుంది, చర్చి ఉంది, స్మశానం గొడవ ఉంది, బడి ఉంది. సెలవు రోజు సరదాగా బండి తీసి ఊరికే వంద కిలోమీటర్లు వెళ్ళి టీ తాగి వచ్చే మనిషి ఇంకా సరిగ్గా రాలేదు. బాధ పడుతున్నప్పుడే మా గురించి రాయాలా అని మా మిత్రుడొకడు అడుగుతాడు, నవ్వుతూనే. చైన్‌కి ఆయిల్ పెట్టుకోవడం, పొద్దున్నే ఐదింటికి కేబుల్ బ్రిడ్జి మీద ఒకరికోసం ఒకరు ఆగడం, కొత్త బండి డెలివరీకి షోరూమ్ వాళ్ళు టైరు కింద నిమ్మకాయ పెట్టబోతే వద్దని, పాస్టర్ గారు ట్యాంకు మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయడం, ఆ నిమ్మకాయని సేల్స్ కుర్రాడు జేబులో వేసుకోవడం, ఇవన్నీ కథలకి పనికొచ్చేవే. వీటిలో రక్షణ లేదు, అన్యాయమూ లేదు.

ఈ ఏడాది నేను మా వాళ్ళ మాటలు ఫోన్లో రికార్డు చేస్తున్నాను. సాక్ష్యం చెప్పమని అడగను. ఇంటి గేటు దగ్గర స్టార్ట్ చేసిన దగ్గర్నుంచి చెప్పమంటాను, దారిలో ఆగిన ప్రతి చోటూ, పలకరించిన ప్రతి మనిషీ. మొదట్లో తడబడతారు, పది నిమిషాల తర్వాత ఆగరు. ఇప్పటికి ఏడు అయ్యాయి. అచ్చులోకి వెళ్తే ఏమైనా అభ్యంతరమా అని అందర్నీ అడిగాను. ఇద్దరు పేరు తీసేయమన్నారు. ఒకతను పేరు ఉంచి ఊరు తీసేయమన్నాడు.